ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలంటే లెక్కలు చేయాలా? చేస్తే ఎలా చేయాలి

"లెక్కల్లో నేను బాగా వీక్ అండీ, ప్రోగ్రామింగ్ వస్తుందంటారా?" అని ఒకరు. "ఏ ట్యుటోరియల్ తెరిచినా ప్రధాన సంఖ్యలే, ఫిబొనాచీలే, ఇవన్నీ చేస్తే నిజంగా ఏమైనా వస్తుందా, టైమ్ దండగా?" అని ఇంకొకరు. ఎవరికి వాళ్లకి విడిగా జవాబు రాసి రాసి ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను.

ముందు జవాబు: పనికొస్తాయి. కాకపోతే మీరు చిన్నప్పుడు బళ్లో చేసేసిన లెక్కలు మాత్రమే. భాగహారం, శేషం, గసాభా (గరిష్ట సామాన్య భాజకం), లీపు సంవత్సరం లాంటివి. వాటి గొప్పేమిటంటే జవాబు కాగితం మీద మీరే తేల్చుకోవచ్చు, కాబట్టి ప్రోగ్రామ్ తప్పు చెప్పిందో ఒప్పు చెప్పిందో ఎవర్నీ అడగక్కర్లేదు. కొత్తవాళ్లకి ఇది చాలా పెద్ద సదుపాయం. అదే మీకు లెక్కే అర్థం కాకపోతే, తప్పు కోడ్‌లో ఉందో లెక్కలో ఉందో తెలియక రెండింటి మధ్య నలిగిపోతారు.

లెక్కల్లో వీక్ అని భయపడేవాళ్ల కోసం ఒక్క మాట. 2020లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లు 36 మంది పైథాన్ నేర్చుకుంటుంటే గమనించి ఫలితాలు అచ్చువేశారు. ఎవరు ఎంత బాగా నేర్చుకున్నారన్న తేడాలో 17 శాతం దాకా భాషలు నేర్చుకునే నేర్పుతో ముడిపడి ఉంటే, లెక్కల నేర్పుతో ముడిపడింది 2 శాతమే. 36 మందే కాబట్టి దీన్నే వేదం అనుకోకండి గానీ, టెన్షన్ తగ్గించుకోవడానికి చాలు.

కావలసినవి

- కంప్యూటర్. లేకపోతే ఫోన్ అయినా సరే, బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే సైట్లు ఉన్నాయి.
- ఏదో ఒక భాష. నేను పైథాన్ 3 అనుకుని రాస్తున్నాను. సీ, జావా నేర్చుకుంటున్నవాళ్లకి ఎక్కడ తేడా వస్తుందో అక్కడ చెబుతాను.
- నోట్‌బుక్, పెన్సిల్. ఇది తప్పనిసరి. "మనసులో చేసుకుంటానులెండి" అన్నవాళ్లే ఎక్కువగా ఇరుక్కుంటారు.
- వేరియబుల్, ఇఫ్, లూప్ అంటే ఏమిటో కొద్దిగా తెలిసి ఉండాలి. తెలియకపోతే ముందు రెండు రోజులు వాటి మీద పెట్టి, తర్వాత ఇక్కడికి రండి.
- రోజుకు అరగంట. ఆదివారం ఐదు గంటలు కూర్చుంటే ఆ లోటు తీరదు.

ఎలా చేయాలి

1. లెక్క ఎంచుకున్నాక కంప్యూటర్ ముట్టుకోకండి. చిన్న సంఖ్య తీసుకుని జవాబు చేత్తో కట్టండి. కట్టలేకపోతే ఆ లెక్క మీకు ఇప్పుడు కాదు, పక్కన పెట్టేయండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, మనం నేర్చుకుంటున్నది కోడ్ రాయడం.

2. చేత్తో చేస్తున్నప్పుడు మీ చెయ్యి ఏం చేస్తుందో మాటల్లో రాయండి. మొదటి లెక్కగా అంకెల మొత్తం తీసుకుందాం: 4729 ఇస్తే 4+7+2+9, అంటే 22 రావాలి. మనిషైతే చూడగానే కూడేస్తాడు. కంప్యూటర్‌కి ఇలా చెప్పాలి: చివరి అంకె కావాలంటే 10తో భాగించి శేషం తీసుకో, దాన్ని మొత్తంలో కలుపు, తర్వాత ఆ చివరి అంకెను తీసేయ్, సంఖ్య సున్నా అయ్యేదాకా ఇదే చెయ్. శేషానికి గుర్తు %, దశాంశం లేని భాగహారానికి గుర్తు //.

3. ఇప్పుడు నోట్‌బుక్‌లో పట్టిక గీయండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగం మంది ఈ మెట్టు ఎగ్గొట్టారు, ఎగ్గొట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు మళ్లీ దీని దగ్గరికే వచ్చారు.

మొదట సంఖ్య 4729, మొత్తం 0.
ఒకటో చుట్టు: అంకె 9, మొత్తం 9, సంఖ్య 472.
రెండో చుట్టు: అంకె 2, మొత్తం 11, సంఖ్య 47.
మూడో చుట్టు: అంకె 7, మొత్తం 18, సంఖ్య 4.
నాలుగో చుట్టు: అంకె 4, మొత్తం 22, సంఖ్య 0. ఆగింది.

కోడ్ రాశాక ప్రతి చుట్టులో ఈ మూడు విలువలూ ప్రింట్ చేయించి, మీ పట్టికతో వరుసకి వరుస పోల్చండి. ఎక్కడ తేడా వచ్చిందో తప్పు అక్కడే ఉంటుంది, ఫైల్ మొత్తం వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడ అందరూ చేసే తప్పు // బదులు / రాయడం. అప్పుడు 4729 తర్వాత 472 రాదు, 472.9 వస్తుంది. దాని తర్వాత 47.29. అలా ఆ సంఖ్య అంత తొందరగా సున్నా కాదు, లూప్ వందల చుట్లు తిరిగి చివరికి 24.4444 అని ఏదో చెబుతుంది. ఎర్రర్ రాదు చూడండి, అదే ప్రమాదం. 22 అని ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. సీ, జావాలో పూర్ణసంఖ్యలకి / పెట్టినా 472 వస్తుంది, అందుకే ఆ భాషల నుంచి పైథాన్‌కి వచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా పడతారు. (ఈ పట్టికలో ఉన్నట్టే వేరియబుల్ పేరు 'మొత్తం' అని తెలుగులో పెట్టినా పైథాన్ 3 ఏమీ అనదు. టైప్ చేయడం నస గానీ, సరదాకి ఒకసారి చేసి చూడండి.)

4. నడిపే ముందు జవాబు ఎంత రావాలో కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాతే రన్ నొక్కండి. ముందు నొక్కేసి, వచ్చిన సంఖ్య చూసి "ఆ, ఇంతే అయ్యుంటుందిలే" అనుకుంటే ఈ లెక్కలు చేసిన ఫలితమే ఉండదు.

5. ఈ వరుసలో చేయండి. రోజుకు ఒకటి చాలు, రెండు రోజులు పట్టినా ఫర్వాలేదు.

లీపు సంవత్సరం. ఇది ఇఫ్ కోసం. 4తో భాగించబడాలి, 100తో భాగించబడితే లీపు కాదు, కానీ 400తో కూడా భాగించబడితే మళ్లీ లీపే. పరీక్షకి 2023, 2024 మాత్రమే ఇచ్చి "వచ్చేసింది" అనుకుంటారు చాలామంది. 1900, 2000 రెండూ ఇవ్వండి. 1900 లీపు కాదు, 2000 లీపు. తప్పితే బాధపడకండి, ఎక్సెల్ కూడా 1900ని లీపు సంవత్సరమనే అనుకుంటుంది, లోటస్ 1-2-3 అనే పాత సాఫ్ట్‌వేర్‌తో సరిపోవాలని ఆ తప్పును తెలిసే అలా ఉంచేశారు.

3 లేదా 5 గుణిజాల మొత్తం. ఇది లూప్, ఇఫ్ కలిపి వాడటానికి. ప్రోగ్రామ్ రాసి తేల్చాల్సిన లెక్కలు ఇచ్చే ప్రాజెక్ట్ ఆయిలర్ అనే సైట్ 2001 నుంచి ఉంది, అందులో మొదటి లెక్క ఇదే. 10 కంటే తక్కువైనవి 3, 5, 6, 9, మొత్తం 23. 1000 కంటే తక్కువైనవాటికి 233168 రావాలి. మీకు 234168 వస్తే 1000ని కూడా కలిపేశారు. 266333 వస్తే 3 గుణిజాలు వేరే, 5 గుణిజాలు వేరే కూడి రెండూ కలిపారు, దాంతో 15, 30 లాంటివి రెండేసిసార్లు పడ్డాయి. ఈ రెండో తప్పు 10తో పరీక్షిస్తే బయటపడదు, ఎందుకంటే 10 లోపల 15 లేదు కదా! 20తో చూడండి, 78 రావాలి. తప్పు కోడ్ అయితే 93 చెబుతుంది. చిన్న సంఖ్యతో సరిచూసుకోమన్నాను గానీ, మరీ చిన్నదైతే తప్పు దాక్కుంటుంది.

గసాభా. ఇది వైల్ లూప్ కోసం, యూక్లిడ్ పద్ధతి. 48, 18 తీసుకోండి. 48ని 18తో భాగిస్తే శేషం 12, 18ని 12తో భాగిస్తే 6, 12ని 6తో భాగిస్తే 0. జవాబు 6. కోడ్‌లో 18 అని వచ్చిందా? అయితే మొదటి వేరియబుల్‌లో రెండోదాని విలువ ముందే పెట్టేసి, ఆ తర్వాత శేషం కట్టారు. పాత 48 అప్పటికే చెరిగిపోయింది, 18ని 18తో భాగిస్తే శేషం 0, ఆట అక్కడితో అయిపోయింది. పాత విలువని ఇంకో వేరియబుల్‌లో దాచుకోండి, లేదా పైథాన్‌లో రెండింటినీ ఒకే లైన్‌లో మార్చేయొచ్చు. నన్నడిగితే ఈ ఒక్క తప్పు చేసి, స్వయంగా కనిపెట్టినవాళ్లకి వేరియబుల్ అంటే ఏమిటో ఇక జన్మలో మళ్లీ చెప్పనక్కర్లేదు. పది వీడియోలు చూసినా అంత గట్టిగా పట్టుబడదు.

ప్రధాన సంఖ్యలు. లూప్‌లో లూప్. 100 లోపల 25 ఉంటాయి, 1000 లోపల 168. మీకు 26 వస్తే 1ని కూడా లెక్కేసి ఉంటారు, 24 వస్తే బహుశా 2ని వదిలేశారు. 9 కూడా ప్రధాన సంఖ్య అంటోందా? అయితే ఎల్స్ తప్పు చోట ఉంది: 2తో భాగించబడలేదు అనగానే "ప్రధానం" అని ప్రకటించేస్తోంది, 3 దాకా ఆగలేదు. ఒక్కటి భాగించినా కాదని వెంటనే చెప్పొచ్చు, అవునని చెప్పాలంటే మాత్రం అన్నీ అయ్యాకే.

కాప్రేకర్ స్థిరాంకం. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇది. నాలుగంకెల సంఖ్య తీసుకోండి, అన్ని అంకెలూ ఒకటే కాకూడదు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకి ఒకసారి, చిన్న నుంచి పెద్దకి ఒకసారి పేర్చి తీసివేయండి. వచ్చినదానికి మళ్లీ అదే చేయండి. ఎక్కువలో ఎక్కువ ఏడుసార్లలో 6174 దగ్గరికి చేరి అక్కడే ఆగిపోతుంది. కనిపెట్టింది మన దేశపు గణితజ్ఞుడు డి.ఆర్.కాప్రేకర్. 3524తో చూద్దాం: 5432 - 2345 = 3087, 8730 - 0378 = 8352, 8532 - 2358 = 6174. మూడే అడుగులు. ఇందులో లెక్క తీసివేతే గానీ, పని అంతా సంఖ్యను అక్షరాలుగా మార్చి, పేర్చి, మళ్లీ సంఖ్యగా మార్చడంలో ఉంది, బయట రోజూ రాసే ప్రోగ్రామ్‌లకి దగ్గరగా ఉండేది అదే.

ఇప్పుడు 2111 ఇవ్వండి. చాలామంది ప్రోగ్రామ్‌లు ఇక్కడ బిగుసుకుపోతాయి. 2111 - 1112 = 999. మూడంకెలే మిగిలాయి. 999ని ఎటు పేర్చినా 999, తీసివేస్తే 0, ఆ తర్వాత ఎప్పటికీ 0. ముందు సున్నా చేర్చి 0999గా చూస్తే 9990 - 0999 = 8991 అయి, ఐదో అడుగులో 6174కి చేరుతుంది. ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్, సీ కలిపి నొక్కితే ఆగుతుంది. ఫోన్‌లో అయితే స్టాప్ బటన్.

6. అయిన ప్రతి లెక్కనీ ఒకసారి మార్చి చేయండి. అంకెల మొత్తం వచ్చిందా, దాన్ని ఫంక్షన్ (పేరు పెట్టి, కావాలన్నప్పుడల్లా పిలిచి వాడుకునే కోడ్ ముక్క) చేయండి. సంఖ్యను వాడేవాళ్లు టైప్ చేసేలా చేయండి. పైథాన్‌లో ఇన్‌పుట్ ద్వారా వచ్చేది సంఖ్య కాదు, అక్షరాలు: 5, 5 ఇచ్చి కూడితే 10 బదులు 55 వస్తే కారణం అదే, ముందు ఇంట్‌గా, అంటే పూర్ణసంఖ్యగా మార్చాలి. ఇక వాళ్లు సంఖ్య బదులు తమ పేరు టైప్ చేస్తే? ప్రోగ్రామ్ పగిలిపోకుండా "సంఖ్య ఇవ్వండి" అని అడిగేలా చేయడం గసాభా రాయడం కంటే కష్టం, దానికంటే ఎక్కువ ఉపయోగం కూడా.

7. రెండు లెక్కలకి ఒకటి చొప్పున లెక్క కానిది చేయండి. వాక్యంలో పదాలెన్ని, ఏ అక్షరం ఎక్కువసార్లు వచ్చింది, ఫోల్డర్‌లో ఫైళ్ల పేర్లు మార్చడం, చేయాల్సిన పనుల జాబితా. లెక్కలే చేస్తూ పోతే జాబితాలు, డిక్షనరీలు (ఒక్కో పేరుకి ఒక్కో విలువ జతచేసి దాచుకునేవి), ఫైళ్లు మీ చేతికి అలవాటు కావు. నెల తర్వాత ఎవరైనా చిన్న యాప్ చేయమంటే "నాకు ప్రధాన సంఖ్యలే వచ్చు" అని నిలబడాల్సి వస్తుంది. లెక్కలంటే అసలు పడనివాళ్లు ఐదో మెట్టు వదిలేసి ఇవే చేయొచ్చు, ఏమీ పోదు. కాకపోతే అక్కడ కూడా చేత్తో జవాబు కట్టుకోవడం, పట్టిక గీయడం మానొద్దు.

ఎప్పుడు వదిలేయాలి

ఇది తెలియక నేను మూడు రాత్రులు పోగొట్టుకున్నాను. ప్రాజెక్ట్ ఆయిలర్ మూడో లెక్క: 600851475143కి ఉన్న ప్రధాన కారణాంకాల్లో అతి పెద్దది ఏది? నేను 2 నుంచి ఆ సంఖ్య దాకా ఒక్కొక్కదాన్నీ భాగిస్తూ పోయే లూప్ రాసి, రాత్రి నడుస్తూ ఉండనిచ్చి పడుకున్నాను. సంఖ్య 60 వేల కోట్ల పైన. సెకనుకి కోటి చూసినా దాదాపు 17 గంటలు పడుతుంది. పొద్దున లేచి చూస్తే కర్సర్ అలాగే మెరుస్తోంది. కోడ్ తప్పనుకుని రెండో రాత్రి అంతా తిరగరాశాను, మూడో రాత్రి వేరే భాషలో రాశాను. నిజానికి కోడ్‌లో తప్పే లేదు. కారణాంకం దొరికినప్పుడల్లా సంఖ్యను దానితో భాగించి చిన్నది చేసుకుంటూ పోవాలన్న చిన్న లెక్కల ఉపాయం తట్టలేదంతే. అలా చేస్తే 71, 839, 1471 అయిపోయి 6857 దగ్గర కనురెప్ప పాటులో తేలిపోతుంది.

కాబట్టి 20 నిమిషాలు కదలకపోతే ఆగి ఈ ప్రశ్న వేసుకోండి: చిన్న సంఖ్యకి నేను చేత్తో జవాబు కట్టగలనా? కట్టగలిగితే ఇరుక్కున్నది కోడ్‌లో, పట్టిక దగ్గరికి వెళ్లండి. చిన్నదానికి చేతనై, పెద్దదానికి మాత్రం గంటలు పడుతుంటే కోడ్ పనిచేస్తున్నట్టే, ఉపాయం కావాలి. దాన్ని చూసి నేర్చుకోండి, తప్పేం లేదు. అసలు చేత్తోనే కాకపోతే లెక్క వదిలేయండి. ఆ సైట్‌లో మొదటి పది, పన్నెండు దాకా కొత్తవాళ్లకి బాగుంటాయి, ముందుకు పోయేకొద్దీ అది లెక్కల సైట్ అయిపోతుంది.

ఎర్రర్ రాకుండా తప్పు చెప్పేవి

0.1 + 0.2 ఎంత అని పైథాన్‌ని అడిగితే 0.30000000000000004 అంటుంది. మీ తప్పు కాదు, కంప్యూటర్ దశాంశాలను దాచుకునే పద్ధతే అంత, సీ, జావాలోనూ ఇదే. దశాంశాలను == తో పోల్చకండి, తేడా చాలా చిన్నదేనా అని చూడండి.

2 ఘాతం 3 కోసం 2^3 రాస్తే 8 రాదు, 1 వస్తుంది. ఆ గుర్తు వేరే పనికి. పైథాన్‌లో 2**3 రాయాలి.

రేంజ్‌లో 1, 10 ఇస్తే 9 దగ్గర ఆగుతుంది. 10 కూడా కావాలంటే 11 ఇవ్వాలి. ఇది అందరికీ తెలుసు, అందరూ తప్పు చేస్తారు.

రుణ సంఖ్యల శేషం: -7 % 3 అంటే పైథాన్‌లో 2, సీ, జావాలో -1. ఒక భాషలో రాసినది ఇంకో భాషలోకి మార్చేటప్పుడు చూసుకోండి.

జావాలో మామూలు ఇంట్ పెట్టి ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఆ సంఖ్య దాకా అన్నిటినీ గుణించడం) చేస్తే 12 దాకా బాగానే ఉంటుంది, 479001600. 13కి 6227020800 రావాలి, కానీ ఇంట్‌లో 2147483647 దాటి పట్టదు కాబట్టి 1932053504 అంటుంది, అదీ ఎంతో ధీమాగా. ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ వాడండి. పైథాన్‌లో ఈ బాధ లేదు.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

జవాబు సరిపోయినంత మాత్రాన వచ్చినట్టు కాదు. ముందు అంచులు చూడండి: 0 ఇస్తే? 1 ఇస్తే? రుణ సంఖ్య ఇస్తే? అంకెల మొత్తం ప్రోగ్రామ్‌కి -4729 ఇచ్చి చూడండి. సంఖ్య సున్నా కంటే పెద్దగా ఉన్నంతసేపు తిరగమని లూప్‌కి చెప్పి ఉంటే అసలు లోపలికే వెళ్లకుండా 0 చెబుతుంది. అదే సున్నా కానంతసేపు తిరగమని చెప్పి ఉంటే పైథాన్‌లో ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే -1 // 10 మళ్లీ -1 అవుతుంది. రెండిట్లో మీది ఏది చేస్తుందో నడపకుండా చెప్పగలిగితే ఆ కోడ్ మీదే.

తర్వాత కావాలని పాడుచేయండి. ఒక లైన్ తీసేసి, ఏమవుతుందో ముందు ఊహించి, తర్వాత నడపండి. ఊహ తప్పితే ఆ లైన్ మీకింకా అర్థం కాలేదు.

చాట్‌బాట్‌తో రాయించుకోవచ్చా అని కూడా అడుగుతున్నారు. కోడ్ మాత్రం రాయించుకోకండి, గసాభా మీద మీరు పడాల్సిన కష్టం అది పడితే మీకేం మిగులుతుంది? "నా ప్రోగ్రామ్‌ని ఏ సంఖ్యలు ఇచ్చి ఇబ్బంది పెట్టొచ్చు?" అని అడగండి, దానికి బాగా పనికొస్తుంది. అది చెప్పిన జవాబుల్ని కూడా చేత్తో సరిచూసుకోండి.

చివరి పరీక్ష వారం తర్వాత. పాత ఫైల్ తెరవకుండా, ఖాళీ ఫైల్‌లో కాప్రేకర్ మళ్లీ మొదటి నుంచి రాయండి. అరగంటలో అయిపోయి, 2111కి ఐదు అడుగులు చూపిస్తే ఇక ఈ లెక్కల జాబితాతో మీకు పని లేదు, ఏడో మెట్టులో చెప్పినవి మొదలుపెట్టేయండి. 999 దగ్గరే మళ్లీ ఇరుక్కుంటే నోట్‌బుక్ తీయండి.